టైలరమ్మ చూపించిన రాజభవనాలు

గైడు మాష్టారి గొంతు బుధవారం పొద్దున పోయింది. జలుబు చేసి బొంగురుపోవడం కాదు. నిద్రలేచి మంచినీళ్ళడుగుదామని నోరు తెరిస్తే గాలి తప్ప ఇంకేమీ రాలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వారానికి నాలుగు రోజులు, ఎండనక వాననక, ఊరి నడిబొడ్డున ఉన్న ఐదు రాజభవనాలనూ జనానికి కాలినడకన తిప్పి చూపిస్తూ, మైకు లేకుండా ముప్ఫైమందికి వినబడేలా మాట్లాడిన గొంతు అది. మైకు కొనుక్కోమని చెప్పనివాళ్ళు లేరు. "మైకులో చెప్తే రాజుల కథ కూడా రైలొస్తోందన్నట్టే ఉంటుంది" అని కొట్టిపారేసేవాడు. మంచిమాట ఎవరు చెప్పినా వినని మనిషికి ఏమవుతుందో అదే అయింది.

డాక్టరు టార్చి వేసి చూసి పెదవి విరిచాడు. "పది రోజులు నోరు విప్పకూడదు. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు. నా మాట వినకపోయారో, పాత గొంతు మీద ఆశ వదులుకోండి" అన్నాడు.

పది రోజుల మౌనం ఎవరికైనా కష్టమే గానీ, ఈయనకు వచ్చిపడ్డ కష్టం వేరు. సరిగ్గా రెండు రోజుల్లో, శుక్రవారం నాడు, టూరిజం ఆఫీసు నుంచి ఒక అధికారిణి వచ్చి ఆయన వెంట నడవబోతోంది. ఆఫీసువాళ్ళు కొత్తగా హెడ్‌ఫోన్లు తెప్పించారు. భవనం ముందు నిలబడి నంబరు నొక్కితే చెవిలో కథ వస్తుంది. అవి ఉండగా మనిషి దేనికని పైవాళ్ళు అడిగారు. మనిషి కావాలో అక్కర్లేదో ఆ అధికారిణి ఒక్కసారి నడిచి చూసి రాస్తుంది. అక్కర్లేదని రాసిందంటే వచ్చే నెల నుంచి మాష్టారు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే.

ఆయన భార్య ఆఫీసుకు ఫోన్ చేసి వాయిదా అడిగింది. సోమవారానికి రిపోర్టు పైకి వెళ్ళాలి, కుదరదు, గైడు రాకపోతే రాలేదనే రాసుకుంటాం అని అవతలివాళ్ళు చాలా మర్యాదగా చెప్పారు.

ఆవిడను ఆ వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ఇంటి ముందుగదే ఆవిడ కొట్టు. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడకు నిలువెత్తు అద్దం, తాడు మీద తగిలించిన సగం కుట్టిన గౌన్లు. మాష్టారు కొలతల చీటీ ఒకటి తీసుకుని, వెనకవైపు 'అయిపోయింది' అని రాసి మిషను మీద పెట్టాడు.

టైలరమ్మ చదివి, దారం పంటితో తెంపి, "ఏమీ అయిపోలేదు. నేను చెప్తాను" అంది.

మాష్టారికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఈవిడా చెప్పేది! పెళ్ళయిన ఏడాదే ఆయన ఈ పనిలో చేరాడు. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆవిడ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఆయన వెంట ఆ భవనాలు చూడటానికి రాలేదు. మొదట్లో పిలిచాడు. ఇవాళ గిరాకీ ఉందనేది, రేపు కాజాలు కుట్టాలనేది. సముద్రాలు దాటి వచ్చినవాళ్ళు నోరు తెరుచుకుని వినేదాన్ని కట్టుకున్న పెళ్ళాం వినదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సరిపెట్టుకుని పిలవడం మానేశాడు. మానేశాడే గానీ, ఆ ముల్లు మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. మనిషి పైకి ఎంత వాగుడుకాయ అయినా ఇలాంటివి పైకి చెప్పడు.

చీటీ మీద రాశాడు: 'నీకేం తెలుసు?'

"మీకు తెలిసినంతా తెలుసు" అంది టైలరమ్మ. "రోజు విడిచి రోజు ఆ అద్దం ముందు నిలబడి మొదట్నుంచి చివరిదాకా అప్పజెప్పుకుంటారుగా. నాకేమన్నా చెవుడా?"

ఆ మాట నిజమే. నడక ఉన్న రోజుకు ముందు సాయంత్రం ఆయన కొట్టులోని అద్దం ముందు నిలబడి, అద్దంలో తననే జనం అనుకుని, చేతులు తిప్పుతూ మొత్తం నడక ఒకసారి చెప్పుకునేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. ఆ పక్కనే మిషను మీద టైలరమ్మ తల వంచుకుని కుట్టుకునేది. మిషను చప్పుడులో ఆవిడకేం వినబడుతుందిలే అనుకునేవాడు. ఇప్పుడావిడ లేచి, అదే అద్దం ముందు నిలబడి, మొదటి భవనం గురించి గడగడా చెప్పింది. ఎక్కడ ఆయన గొంతు సవరించుకుంటాడో అక్కడ సవరించుకుంది. ఎక్కడ కుడిచెయ్యి చాచి మునివేళ్ళు ఆడిస్తాడో అక్కడ అదే చెయ్యి చాచి అవే వేళ్ళు ఆడించింది. మాష్టారు కుర్చీలో కూలబడ్డాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి గడియారం స్తంభం దగ్గర ఇరవై ఇద్దరు పోగయ్యారు. ఎర్ర గొడుగు పట్టుకున్న పెద్దావిడ ఒకతి, విప్పితే ఇంటి తలుపంత ఉండే మ్యాపు పట్టుకున్న పెద్దమనిషి ఒకడు, మిగతా అంతా మామూలు జనం. కాస్త ఎడంగా ఆ అధికారిణి. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, బూట్లు మాత్రం నడకకు పనికొచ్చేవే వేసుకుంది. చేతిలో అట్ట, అట్టకు కాగితం. టైలరమ్మ ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పింది: "మా వారికి గొంతు పోయిందమ్మా. మాట ఆయనదే, చెప్పేది నేను." అధికారిణి మాష్టారి వంక చూసి, డాక్టరు చీటీ చదివి, "సరే, కానివ్వండి. ఏం జరిగితే అదే రాస్తాను" అంది.

ఏం జరిగిందో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. టైలరమ్మ తల వంచుకుని, చంకలో సంచి బిగించుకుని, బస్సు తప్పిపోతుందన్నట్టు ముందుకు నడిచింది. జనం వెనకబడ్డారు. ఆవిడ మాటలేమో ఎదురుగాలికి ఎటో పోతున్నాయి. నాలుగు బారలు నడిచి ఠక్కున ఆగి, అటూ ఇటూ చూడకుండా, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, "మీ ఎడమ చేతి వైపున్నది పెద్ద భవనం! దీనికి అరవై రెండు కిటికీలు!" అంటూ కుడిచెయ్యి చాచి వేళ్ళు ఆడించింది.

నోరు ఎడమంటోంది, చెయ్యి కుడి చూపిస్తోంది. జనం ఎప్పుడూ చేతినే నమ్ముతారు. ఇరవై ఇద్దరూ కుడివైపు తిరిగి కిటికీలు లెక్కపెట్టబోయారు.

"అమ్మా, అది చెప్పుల షాపండీ" అన్నాడు మ్యాపు పెద్దమనిషి.

ఎవరో కిసుక్కున నవ్వారు. టైలరమ్మ వినిపించుకోలేదు. ఆగితే మరిచిపోతానని భయం కాబోలు, గుక్క తిప్పుకోకుండా కిటికీల సంగతి పూర్తి చేసి, వాటిలో మూడు కిటికీలు కావు, గోడ మీద రంగుతో వేసిన బొమ్మలు అని కూడా చెప్పి, మళ్ళీ పరుగు లాంటి నడక అందుకుంది. చెప్పుల షాపు గోడ మీద బొమ్మ కిటికీలు ఎక్కడున్నాయా అని జనం వెతుక్కుంటూ మిగిలారు. మలుపు తిరగగానే రెండో భవనం బదులు సైకిళ్ళ స్టాండు చూపించింది. ఒక జంట మొహమొహాలు చూసుకుని మెల్లిగా టీ కొట్టు వైపు జారుకున్నారు. అధికారిణి కాగితం మీద ఏదో రాసింది.

వెనక నడుస్తున్న మాష్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళ బతుకు కళ్ళముందే సైకిళ్ళ స్టాండు పాలవుతోంది. నెత్తీ నోరూ కొట్టుకుందామంటే నోటికి డాక్టరు తాళం వేశాడు, నెత్తి ఒక్కటే మిగిలింది. దాన్నే ఒకటి కొట్టుకున్నాడు. అరిచి చెబుదామని నోరు తెరిచాడు కూడా. డాక్టరు మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. అలా నోరు మూసుకుని నిలబడ్డప్పుడే, బహుశా జన్మలో మొదటిసారి, ఆయన మాట్లాడకుండా ఆలోచించాడు. మళ్ళీ టైలరమ్మ చెయ్యి వంకే చూశాడు. ఆ చెయ్యి తనదే. తను చాచినట్టే చాస్తోంది. మరి ఎక్కడ తప్పుతోంది?

అప్పుడు వెలిగింది. గైడనేవాడు జనానికి వీపు పెట్టడు. వాళ్ళకేసి తిరిగి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ నడుస్తాడు. వాళ్ళ ఎడమ వైపున్న భవనం అతని కుడిచేతికి వస్తుంది. అందుకే మాష్టారు 'మీ ఎడమ' అంటూ కుడిచెయ్యి చాస్తాడు. అద్దం ముందు నిలబడి చెప్పుకునేదీ అలాగే. పక్కన కూర్చుని చూసినావిడ ఆ చెయ్యిని ఉన్నదున్నట్టు నేర్చుకుంది. గైడు వెనక్కి నడుస్తాడన్న సంగతి మాత్రం ఆవిడకెలా తెలుస్తుంది? ఎన్నడైనా వెంట వస్తే కదా!

మాష్టారు జనాన్ని తోసుకుంటూ ముందుకు ఉరికాడు. భార్య భుజాలు రెండు చేతులతో పట్టుకుని, కొలతకు నిలబెట్టిన మనిషిని తిప్పినట్టు గిర్రున వెనక్కి తిప్పేశాడు.

టైలరమ్మ తలెత్తింది. ఎదురుగా ఇరవై మొహాలు. "అమ్మో, ఇంతమందా!" అంది పైకే. జనం గొల్లుమన్నారు. అది ఎగతాళి నవ్వు కాదు. ఆ నవ్వుతో ఆవిడ భుజాలు కిందికి దిగాయి. మాష్టారు రెండడుగులు వెనక్కి వేసి జనంలో ముందువరసలో నిలబడి, కానియ్యమన్నట్టు తలూపాడు. ఆవిడ ఆయన్ని చూసింది. అలవాటు కొద్దీ కుడిచెయ్యి చాచింది. ఈసారి చేతి చివర రెండో భవనం ఉంది, దాని అరుగుతో, దాని రాతి వసారాతో సహా.

"ఇది తమ్ముడి భవనం" అంది. ఇప్పుడా గొంతు పద్యం అప్పజెప్పే గొంతు కాదు, మామూలు గొంతు. "ఇందాక నేను మిమ్మల్ని ముందుకు తరుముకొచ్చానే, అక్కడ ఉన్నది అన్నగారిది. చెప్పుల షాపు కాదు, దాని ఎదురుది. ఈ రెండు వసారాలూ ఒకదానికొకటి కనబడతాయి చూడండి. అన్నదమ్ములు పదకొండేళ్ళు మాట్లాడుకోలేదు. సింహాసనం కోసం గొడవని పుస్తకాల్లో ఉంది. మా ఆయన ఒప్పుకోరు."

అది జనానికి చెప్పే ముక్క కాదు. ఆధారం లేని మాష్టారి సొంత పైత్యం. అద్దం ముందు చెప్పుకుంటూ ఈ చోటికి వచ్చినప్పుడల్లా ఆగి, తనలో తను గొణుక్కునేవాడు, అంతే. చెయ్యి అడ్డంగా ఊపాడు. టైలరమ్మ చూడనట్టే నటించింది.

"ఆయన ఏమంటారంటే, సింహాసనం కోసం కొట్టుకున్నవాడైతే ఊరవతల కట్టుకుంటాడు గానీ ఎదురింట్లో కట్టుకుంటాడా? అలిగినవాడే ఎదురుగా కట్టుకుంటాడు. తను అలిగినట్టు అవతలివాడికి రోజూ కనబడాలిగా!"

"మా మరిది కూడా అచ్చం ఇంతే" అంది గొడుగు పెద్దావిడ.

ఇక జనం ఆవిడని వదల్లేదు. ఆవిడ మాట్లాడుతూ, భర్త చేసినట్టే వెనక్కి అడుగులు వేయబోయింది. రెండో అడుగుకే దీపస్తంభం. మాష్టారు చటుక్కున వెళ్ళి ఆవిడ వెనక చేరి, మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. ఆ వీధిలో ఏ స్తంభం ఎక్కడుందో, ఏ రాయి లేచి ఉందో ఆయన కాళ్ళకు కళ్ళున్నంతగా తెలుసు. అక్కణ్ణించి ఆవిడ జనాన్ని చూస్తూ చెప్పడం, ఆయన దారి చూస్తూ ఆవిణ్ణి నడిపించడం. ముప్ఫై ఒక్క ఏళ్ళ సంసారంలో ఇద్దరూ నడివీధిలో చెయ్యి చెయ్యి పట్టుకుని నడిచింది లేదు. ఇప్పుడు ఊరంతా చూస్తుండగా పట్టుకున్నారు. మాష్టారికి అది బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ఆయనకు సిగ్గు లేదు, నాకు చెప్పడానికి అసలే లేదు.

మూడోది రాజమాత భవనం. ఇప్పుడు నీళ్ళ పన్ను ఆఫీసు. "దీంట్లో పన్నెండు గదులు" అంది టైలరమ్మ. "అన్ని తలుపులకూ గడియలు బయటివైపే ఉన్నాయి. లోపల ఒక్కదానికీ లేదు. ఇక్కడికొచ్చేసరికి మా ఆయన ప్రతిసారీ ఆగి మంచినీళ్ళు తాగుతారు, ఇంట్లో చెప్పుకునేటప్పుడు కూడా. పదేళ్ళపాటు దాహమనుకున్నాను. దాహం కాదు. ఆ రాజమాత తలుపు లోపలినుంచి ఎన్నడూ వేసుకోలేదన్న మాట చెప్పగానే ఆయనకు గొంతు పూడుకుపోతుంది."

మోచెయ్యి పట్టుకున్న మాష్టారి వేళ్ళు బిగుసుకున్నాయి. తల వంచుకుని కుట్టుకుంటున్న మనిషి ఇంత చూసిందా? మాట వినలేదని ఇన్నాళ్ళూ అలిగాడు. ఈవిడ మాటలే కాదు, మింగిన మాటలు కూడా విన్నది. కళ్ళు చెమర్చాయి. తుడుచుకుందామంటే ఒక చెయ్యి ఖాళీ లేదు, రెండోదానితో తుడుచుకున్నాడు.

నాలుగో భవనం గోడ మీద రాతిలో చెక్కిన, చెయ్యి పైకెత్తిన రాణి బొమ్మ ఉంది. అప్పజెప్పాల్సిన తారీఖులు అప్పజెప్పి, వాటిలో రెండు తప్పు చెప్పి, టైలరమ్మ ఆ బొమ్మ దగ్గరకు వెళ్ళి కళ్ళు చికిలించింది. "ఇది ఆయన చెప్పింది కాదు, నేను చెప్తున్నా. దీన్ని చెక్కినాయన ఏనాడూ సూది పట్టుకోలేదు. చెయ్యి ఎత్తినప్పుడు చంక దగ్గర బట్ట పైకి లాగాలి. ఇక్కడ కిందికి జారింది. ఈ జాకెట్టు నా దగ్గరికొస్తే విప్పి మళ్ళీ కుట్టాల్సిందే." మ్యాపు పెద్దమనిషి మ్యాపు మడిచేసి ఫోటో తీసుకున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ బొమ్మ ముందునుంచి నడిచిన మాష్టారు మెడ నిక్కించి, మొదటిసారి చూసినట్టు చూశాడు. నిజమే, జారింది.

ఐదోది కట్టడం సగంలో ఆగిపోయిన భవనం. గోడలు లేవలేదు, పైకప్పు పడలేదు, మెట్లు మాత్రం వంపు తిరిగి పైకి లేచి ఆకాశంలో ఆగిపోయాయి. కట్టించిన రాజు పోయాడు, కొడుక్కి ఇష్టం లేకపోయింది. టైలరమ్మ అంతవరకు చెప్పి ఆపేసింది. ఆ మెట్ల వంక చాలాసేపు చూసింది. నడక అయిపోయింది.

జనం చప్పట్లు కొట్టి, ఒకళ్ళొకళ్ళుగా దండాలు పెట్టి వెళ్ళారు. అధికారిణి అట్ట పట్టుకుని దగ్గరికొచ్చింది. "నేను తప్పులు కూడా రాయాలి. మొదటి రెండు చోట్లా దిక్కులు తప్పు. రెండు తారీఖులు తప్పు. ఆధారం లేని కథ ఒకటి" అంది. "ఇంకోటి. బయల్దేరినప్పుడు ఇరవై రెండు, చివర్లో ఇరవై ఏడు. దారిలో పోయేవాళ్ళు కలిశారు. అమ్మా, మీరు ఎన్నాళ్ళ నుంచి వస్తున్నారీ నడకకి?"

"ఇవాళే మొదలు."

"అంటే, భవనాలు చూడటం?"

"చూడటం కూడా ఇవాళే. ఈయన చెప్తుంటే మిషను దగ్గర కూర్చుని విన్నదే."

అధికారిణి నమ్మలేనట్టు చూసింది. "మరి ఇన్నాళ్ళూ విని, ఇప్పుడు చూశాక ఎలా ఉన్నాయి?"

టైలరమ్మ కాసేపు నసిగింది. అబద్ధం చెప్పే అలవాటు లేనివాళ్ళకు ఇలాంటి ప్రశ్నలు మహా ఇబ్బంది. "నిజం చెప్పమంటారా? చిన్నవి. బాగానే ఉన్నాయి గానీ ఇంతేనా అనిపించింది. ఈయన చెప్పేటప్పుడు ఆ మెట్లు ఇంకా చాలా పైకి వెళ్ళేవి."

అధికారిణి మెట్ల వంక చూసింది, తర్వాత మాష్టారి వంక చూసింది. కాగితం మీద ఇంకో వాక్యం రాసి కలం మూత పెట్టింది. "హెడ్‌ఫోన్లు ఇంకో చోటికి పంపిస్తాం లెండి. అవి పెట్టుకుంటే భవనాలు ఇంతే కనబడతాయి. మాష్టారూ, మీ గొంతు బాగయ్యాక నేను మళ్ళీ వస్తాను. ఆఫీసు పని మీద కాదు."

ఆవిడ వెళ్ళిపోయింది. మాష్టారు ఆనందంతో అరవబోయాడు. టైలరమ్మ అరచేయి ఆయన నోటికి అడ్డం పెట్టి, "ఎనిమిది రోజులుంది ఇంకా" అంది. ఇద్దరూ ఆ మెట్ల మొదటి మెట్టు మీద కూర్చున్నారు. మాష్టారు జేబులోంచి కొలతల చీటీ తీశాడు. అడుగుదామా వద్దా అని పెన్సిలు కాసేపు ఆడించి, చివరకు రాశాడు: 'ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు?'

టైలరమ్మ చదివి చీటీని నాలుగు మడతలు పెట్టింది. "మీరు చెప్తుంటే అంతంత పెద్దవిగా కనబడేవి. వచ్చి చూస్తే ఎక్కడ చిన్నవైపోతాయోనని భయం. దారాలు కొనడానికి ఇటు రావాల్సొస్తే, ఈ వీధి తగలకుండా చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని." ఒక్కసారి మెట్లకేసి చూసి మొహం తిప్పుకుంది. "మీకోసం వచ్చి చూసేశాను. అనుకున్నంతా అయింది."

మాష్టారు ఇంకో చీటీ కోసం జేబు తడుముకున్నాడు. టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"గొంతు రాగానే మొదట నాకు చెప్పండి" అంది. "మొత్తం, మొదట్నుంచీ. నేను ఇవాళ చూసినవి మరిచిపోవాలి."